తిరిగి వ్రాయుము

గవర్నర్‌పేటలోని ఆ ఎక్స్‌రే క్లినిక్కు బోర్డు రాసినవాడు ఒక ఇంగ్లీషు మాటలో అక్షరం మింగేశాడని వెంకటసుబ్బారావు గారు రిక్షా దిగకముందే గమనించారు. దిగి, ఉత్తరీయం సర్దుకుని, తప్పు నిజంగా తప్పేనని మరొకసారి నిర్ధారించుకున్నారు. పెడన హైస్కూలు హెడ్మాస్టరుగా రిటైరైన ఆయనకు ఒక సంస్థ యోగ్యత తెలుసుకోవడానికి లోపలికి వెళ్ళవలసిన పని లేదు. గుమ్మం మీది రాత చాలు.

"డాక్టరు సొంత పేరైనా సరిగ్గా రాయించుకున్నాడు, సంతోషం," అన్నారు.

రెండో రిక్షాలోంచి కోటిలింగం ఎడమ డొక్క పట్టుకుని దిగాడు. అతని వెనక అతని భార్య చౌడేశ్వరమ్మ గుడ్డసంచీ, ఇత్తడి చెంబు పట్టుకుని దిగింది. కోటిలింగం పెడనలో నేతగాళ్ళ నూలుకు రంగు వేసే మనిషి. ఎన్ని సబ్బులతో తోమినా అతని గోళ్ళ చుట్టూ నీలిరంగు పోదు. డొక్కలో నొప్పి కిడ్నీలో రాయి వల్ల కావచ్చునని, బెజవాడ వెళ్ళి రంగు మందు ఎక్కించి ఎక్స్‌రే తీయించుకోవాలని బందరు డాక్టరు ఇంగ్లీషులో ఉత్తరం రాసి ఇచ్చాడు. ఆ వీధిలో ఎవరికి ఇంగ్లీషు కాగితం వచ్చినా అది వెంకటసుబ్బారావు గారి అరుగు మీదికి చేరవలసిందే. ఈసారి కాగితంతోపాటు ఆయన కూడా బయలుదేరారు. లేకపోతే ఈ జనం కాగితాన్ని నానబెట్టి తాగినా తాగుతారని ఆయన నమ్మకం.

అది డెబ్భై నాలుగో సంవత్సరం మే నెల. పదిగంటలకే తారురోడ్డు చెప్పులకు అంటుకుంటున్నది.

లోపల బల్ల దగ్గర కూర్చున్న నడివయసు మనిషి లేచి నమస్కారం పెట్టాడు. ఎక్స్‌రేలు తీసే శౌరయ్య. మెడలో నల్లదారానికి చిన్న సిలువ, చొక్కాజేబులో రెండంగుళాల పెన్సిలు ముక్క. బందరు డాక్టరు ఉత్తరాన్ని వేలు పెట్టి, పెదవులు కదుపుతూ చదివాడు. వెంకటసుబ్బారావు గారు ఆ వేలిని చూసి మొహం పక్కకు తిప్పుకున్నారు.

"షుగరుందా మీకు?" అని శౌరయ్య కోటిలింగాన్ని అడిగాడు.

"ఉందండి. ఎనిమిదేళ్ళైంది."

"ఉత్తరంలో రెండో పేరాలో ఉన్నది ఆ సంగతి," అన్నారు వెంకటసుబ్బారావు గారు. "చదవడం వచ్చినవాడికి కనిపిస్తుంది."

"చిత్తమండి," అన్నాడు శౌరయ్య. దొంతరలోంచి సైక్లోస్టయిల్ చేసిన ఇంగ్లీషు కాగితం ఒకటి తీశాడు. పరీక్షకు వచ్చేవారు పాటించవలసిన నియమాలవి. దాన్ని బోర్లించి, పెన్సిలు ముక్క నాలికకు తాకించి, వెనకవైపు ఏవో మూడు ముక్కలు రాశాడు. రాసి కోటిలింగానికి ఇస్తూ, "రేపు పదకొండింటికి రండి. ముందువైపుది అందరికీ ఉండేదేనండి. మీకు ముఖ్యం వెనక రాసింది. చదివించుకుని..." అంటుండగా లోపల డాక్టరు గంట కొట్టాడు.

"నేను చదివి చెప్తాను, నువ్వు వెళ్ళవయ్యా," అన్నారు వెంకటసుబ్బారావు గారు.

శౌరయ్య లోపలికి పరుగెత్తాడు.

ఆయన అక్కడే బెంచీ మీద కూర్చుని, కళ్ళజోడు తుడుచుకుని, ముందువైపు అచ్చును పైకి చదివారు. తరువాత తెలుగులో చెప్పారు. ముందురోజు సాయంత్రం రెండు ఔన్సుల ఆముదం పుచ్చుకోవాలి. ఆరుగంటల తరువాత పరీక్ష పూర్తయ్యేవరకు ఆహారం గాని, ద్రవపదార్థం గాని తీసుకోరాదు. ఇంగ్లీషు పరవాలేదు. ఎవరో తెలిసినవాడే రాశాడు.

"నీళ్ళు కూడానాండీ?" అన్నది చౌడేశ్వరమ్మ.

"నీళ్ళు ద్రవం కాదా? మరేమిటి, ఘనమా?"

"ఎండలు చూస్తే ఇట్టా ఉన్నయ్యి. వెనకమాలేదో రాశాడు గదండీ ఆయన?"

వెంకటసుబ్బారావు గారు కాగితం తిప్పారు. చూడగానే ఆయన చెయ్యి తనంతట తానే లాల్చీ జేబులోకి వెళ్ళి ఎర్రపెన్సిలు తీసింది. రిటైరైనా ఆ పెన్సిలు రిటైరు కాలేదు. 'మనిషి' అని రాయవలసిన చోట 'మనిసి' అని ఉన్నది. 'పరీక్ష'ను 'పరీక్స' చేశాడు. మూడు ముక్కల్లో అయిదు తప్పులు! తప్పు కింద గీత, పైన సరైన రూపం. ఎర్రపెన్సిలు చకచకా నడిచింది. ముప్ఫయి నాలుగేళ్ళు వేలకొద్దీ పిల్లల పుస్తకాల మీద రాసిన మాటనే కిందను వాలుగా రాసి, గీత గీశారు: 'తిరిగి వ్రాయుము.'

"ఏం రాశాడండీ?"

"రాయడం రాదని రాశాడు," అని కాగితం ఆమె చేతికిచ్చారు. "లోపల దాచు. నియమాలన్నీ నా తలలో ఉన్నాయి."

*

మర్నాడు పదకొండు గంటలకు కోటిలింగం క్లినిక్కు బెంచీ మీద ఉన్నాడు. పదకొండూ అయిదుకు కరెంటు పోయింది.

ఫ్యాను ఆగిన తరువాత గదిలో ఈగల చప్పుడు వినిపించసాగింది. పన్నెండయింది. ఒంటిగంట అయింది. శౌరయ్య చీకటిగదిలో ఫిల్ములు చెడిపోకుండా ఐసుగడ్డలతో అవస్థ పడుతున్నాడు. డాక్టరు వెంకటకృష్ణారావు భోజనానికి వెళుతూ, గుమ్మంలోనే చేతిరుమాలుతో మెడ తుడుచుకుని, "ఇవాళ ఇంక లాభం లేదు. రేపు ఇదే టైముకు రండి," అని కారెక్కాడు. బెంచీ మీదున్న నలుగురిలో ఎవరు ఎప్పటినుంచి మంచినీళ్ళు ముట్టలేదో అడగడం ఆయన చదువులో లేదు.

లాడ్జి వరండాలో కోటిలింగం గోడకు చేరగిలబడ్డాడు. పెదవులు తెల్లగా పొలుసులు కట్టాయి. ఆముదం రాత్రికి రాత్రే తన పని తాను ముగించింది.

"ఎట్టాగూ ఇయ్యాళ లేదన్నారు గదండీ. కాసిని మజ్జిగ తాగిస్తానండి. మళ్ళీ సాయంత్రం నుంచీ మానేత్తాడు," అన్నది చౌడేశ్వరమ్మ.

వెంకటసుబ్బారావు గారు ఇడ్లీ తిని వచ్చి, పడక్కుర్చీలో పత్రిక చదువుతున్నారు. పత్రిక దించారు.

"పరీక్ష పూర్తయ్యేవరకు అని ఉన్నది అందులో. కంప్లీటెడ్! పరీక్ష మొదలే కాలేదు, పూర్తి ఎలా అవుతుంది? మజ్జిగ తాగించి, రేపు ఫొటోలో మజ్జిగ కనిపిస్తే మళ్ళీ ఎల్లుండి రమ్మంటారు. అప్పుడు నన్ను అనవద్దు."

"మాస్టారు చెప్పారు గదే, ఊరుకో," అన్నాడు కోటిలింగం. అతని నాలుక అంగిటికి అంటుకుని మాట తడబడింది. కాసేపటికి తానే నవ్వుకుంటున్నట్టుగా అన్నాడు: "కానీ మాస్టారండీ, నాకొక అనుమానం. మేం రంగు వేసేటప్పుడు ముందు నూలు నీళ్ళలో నానేస్తామండి. రాత్రంతా నానాల. పొడినూలు పట్టుకెళ్ళి రంగుబానలో ముంచామనుకోండి, రంగు ఎక్కడిదక్కడ కరుచుకుపోద్ది. దారం పెళుసెక్కి తెగిపోద్ది. మరి ఈళ్ళు మనిషిని ఎండబెట్టి రంగెక్కిస్తామంటారేంటండీ?"

వెంకటసుబ్బారావు గారు పత్రిక మడిచారు.

"మనిషి నూలు చుట్ట కాదు కోటిలింగం. ఇది మెడికల్ సైన్సు. బాన దగ్గర నేర్చుకునేది కాదు."

"అదీ నిజమేలెండి," అన్నాడు కోటిలింగం.

చౌడేశ్వరమ్మ కొంగు తడిపి భర్త పెదవులకు అద్దింది. "పీల్చకు," అన్నారు వెంకటసుబ్బారావు గారు. తరువాత లేచి, వరండా మూలనున్న లాడ్జివారి మంచినీళ్ళ కూజాను రెండు చేతులా ఎత్తి తమ గదిలోకి మార్చుకున్నారు. మనుషుల నిగ్రహం మీద ఆయనకు నమ్మకం లేదు.

ముందురోజు సాయంత్రం ఆముదం అని ఉన్నది. బుధవారానికి మంగళవారం ముందురోజే గనుక, ఆ సాయంత్రం మళ్ళీ రెండు ఔన్సులు తెప్పించారు.

*

బుధవారం కరెంటు ఉన్నది. కోటిలింగం బల్ల ఎక్కడానికి శౌరయ్య భుజం పట్టుకోవలసి వచ్చింది. శౌరయ్య అతని మోచేతి దగ్గర చర్మం చిటికెతో లాగి వదిలాడు. అది లేచినచోటనే కాసేపు నిలబడింది.

"నీళ్ళు..." అని శౌరయ్య మొదలుపెట్టి, గుమ్మంలో నిలబడ్డ వెంకటసుబ్బారావు గారిని చూసి, మర్యాదగా మాట మార్చాడు. "సార్, కాగితంలో రాసినట్టు చేశారాండీ?"

"అక్షరం పొల్లుపోకుండా," అన్నారాయన.

శౌరయ్య మొహంలో ఆందోళన తగ్గింది. "అయితే ఎండకే ఇట్టా అయ్యాడు," అన్నాడు తనలో తాను. తాను కాగితం వెనక రాసినదాని గురించే ఆయన చెబుతున్నారనుకున్నాడు.

డాక్టరు వచ్చి సూది గుచ్చాడు. కోటిలింగం ఒళ్ళంతా సెగలు కమ్మినట్టయి, నోట్లో ఇనుప రుచి వచ్చింది. "బాన మూత తీసినట్టుందండీ," అన్నాడు. మొదటి ఫిల్ముల్లో కిడ్నీల నీడ పలచగా వచ్చింది. డాక్టరు ఫిల్మును వెలుతురుకు పట్టి విసుక్కున్నాడు.

"ఇంకో డోసు ఇద్దాం."

"షుగరు మనిషండి," అన్నాడు శౌరయ్య.

"నీళ్ళు తాగించావుగా?"

"కాగితం వెనక రాశానండి. అట్టాగే చేశామన్నారు."

"మరింకేం?"

రెండో డోసు పడింది. బొమ్మలు స్పష్టంగా వచ్చాయి. గురువారం ఉదయం రిపోర్టు ఇచ్చారు. రాయి లేదు. నడుము వంచి బానలమీద పనిచేసేవారికి వచ్చే కండరాల నొప్పి అయి ఉండవచ్చునని చివరి వాక్యంలో ఉన్నది. వెంకటసుబ్బారావు గారు ఆ వాక్యనిర్మాణాన్ని మెచ్చుకున్నారు.

సాయంత్రం రైలుకు వెళదామని ఆయన పెట్టె సర్దుతుండగా చౌడేశ్వరమ్మ గుమ్మం పక్కకు వచ్చి నిలబడింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నది.

"మాస్టారండీ. చెప్పటానికి బాగోదు. నిన్న మజ్జాన్నం నుంచీ ఆయన ఒంటికి పోలేదండి."

"నీళ్ళు తాగించు."

"ఇప్పటికి నాలుగు చెంబులు తాగాడండి. అయ్యన్నీ యాడికి పోతున్నయ్యో తెలవటల్లేదు. మొహం చూడండి ఓపాలి."

ఆయన వెళ్ళి చూశారు. కోటిలింగం కనురెప్పలు ఉబ్బి, కళ్ళు సన్నగీతలయ్యాయి. చేతివేలికి ఉండే రాగి ఉంగరం కండలోకి దిగబడి ఉన్నది. మాట్లాడబోయి పక్కకు వంగి వాంతి చేసుకున్నాడు. నాలుగు చెంబుల నీళ్ళూ వాంతిలో రాలేదు.

*

ప్రభుత్వాసుపత్రి వార్డులో డ్యూటీలో ఉన్న లేడీ డాక్టరు ఎక్స్‌రే రిపోర్టు చూసి, చౌడేశ్వరమ్మ చెప్పింది విని, కోటిలింగం కాళ్ళను బొటనవేలితో నొక్కి, గుంట పూడడానికి పట్టిన వ్యవధి చూసింది.

"కిడ్నీలు ఆగిపోయాయి," అన్నది. "షుగరు పేషంటు. రంగు మందు రెండు డోసులు. ఈ ఎండల్లో నీళ్ళు లేకుండా రెండురోజులా? నీళ్ళు వద్దన్నది ఎవరండీ?"

ఆ ప్రశ్న వెంకటసుబ్బారావు గారికి నచ్చింది. మూడురోజుల్లో బెజవాడలో ఒక మనిషి అడిగిన మొదటి తెలివైన ప్రశ్న అది.

"ఆ సంగతి నేను తేలుస్తాను," అన్నారు.

"అది తేలేలోపల ఈయనకి మూత్రం రావాలండీ. వారంలోపల రాకపోతే మేం చేయగలిగింది తక్కువ," అని ఆమె మంచం కిందకు ఒక గాజుసీసా పెట్టించింది. "ఇప్పుడు మాత్రం నీళ్ళు కొలిచి ఇవ్వాలి. రోజంతటికీ రెండు గ్లాసులు. పోయే దారి లేనప్పుడు పోస్తే ఊపిరితిత్తులు మునుగుతాయి."

చౌడేశ్వరమ్మకు నవ్వో ఏడుపో తెలియని చప్పుడు ఒకటి గొంతులోంచి వచ్చింది. "తాగాల్సినప్పుడేమో వద్దన్నారు. ఇప్పుడు తాగుతానంటే కొలుస్తన్నారు."

శుక్రవారమంతా లాడ్జిలో కూర్చుని వెంకటసుబ్బారావు గారు జిల్లా వైద్యాధికారికి అర్జీ రాశారు. నాలుగు ఫుల్‌స్కేపు పేజీలు. మార్జిను వదిలి, పేరాలకు అంకెలు వేసి, ఒక్క కొట్టివేత లేకుండా రాశారు. మూడో పేరా చాలా బాగా కుదిరింది. 'మాతృభాషలో మూడు వాక్యాలు తప్పులు లేకుండా రాయలేని ఆపరేటరు చేతిలో ప్రజల ప్రాణాలు పెట్టడం' గురించి అందులో ఉన్నది. దాన్ని రెండుసార్లు పైకి చదువుకున్నారు. శనివారం ఉదయం, మర్యాద పాటించేవారు గనుక, పోస్టు చేయకముందే నకలు తీసుకుని క్లినిక్కుకు వెళ్ళారు.

డాక్టరు వెంకటకృష్ణారావు మొదటిపేజీ నిలబడి చదివాడు. రెండోపేజీకి కూర్చున్నాడు. నాలుగోపేజీ అయ్యాక గంట కొట్టాడు.

"శౌరయ్యా! షుగరు పేషంట్లకి నీళ్ళు మానవద్దని చెప్పమన్నానా లేదా?"

"కాగితం వెనక రాశానండి. ఎప్పుడూ రాస్తానండి."

"వెనక సూచనలేమీ లేవు," అన్నారు వెంకటసుబ్బారావు గారు. "అక్షరదోషాలు మాత్రం ఉన్నాయి. అయిదు. నేను లెక్కపెట్టాను."

ఆయన అబద్ధం చెప్పడం లేదు. ఆయనకు గుర్తున్నది అంతే.

"నా రాత బాగోదండి," అన్నాడు శౌరయ్య. "కానీ రాశాను. అచ్చు మార్పిద్దామని నాలుగుసార్లు మనవి చేశాను సార్ తమకి."

"అయిదువందల కాగితాలు మిగిలి ఉన్నాయిగా! అవయ్యాక చూద్దామన్నాను," అని డాక్టరు అరిచాడు. తరువాత గొంతు తగ్గించి ఇంగ్లీషులోకి మారి, ఆ కాగితం తెచ్చి చూపితే న్యాయం చేస్తానని వెంకటసుబ్బారావు గారితో అన్నాడు. తెలుగులో శౌరయ్యతో అన్నాడు: "కాగితం వచ్చిందాకా మెషీను ముట్టుకోకు. దాంట్లో లేకపోతే నువ్వు వేరే పని చూసుకోవాల్సిందే."

శౌరయ్య ఎక్స్‌రే కిరణాలు సోకకుండా కట్టుకునే సీసపు ఏప్రను ముడులు ఒక్కొక్కటే విప్పి, మడత పడకుండా కొయ్యకు తగిలించి, బయట బెంచీ మీద కూర్చున్నాడు. వెళుతున్న వెంకటసుబ్బారావు గారిని, "ఆయనకి ఎట్టా ఉందండీ?" అని అడిగాడు. ఆయన సమాధానం చెప్పదగిన ప్రశ్నగా దాన్ని భావించలేదు.

*

ఆదివారం మధ్యాహ్నానికి కూడా గాజుసీసా అడుగున తడి లేదు. కోటిలింగం కళ్ళు మూసుకుని, చేతివేళ్ళతో దుప్పటి అంచును నూలు పిండినట్టు పిండుతున్నాడు. చౌడేశ్వరమ్మ సగం గ్లాసు నీళ్ళను చెంచాతో పోస్తున్నది.

"ఆ క్లినిక్కు కాగితం ఇటివ్వు," అన్నారు వెంకటసుబ్బారావు గారు. "డాక్టరుకు చూపాలి."

ఆమె సంచీలోంచి, పసుపుగుడ్డలో చుట్టిన కాగితం తీసింది. ఇవ్వబోయి ఆగింది.

"వెనకమాల ఏం రాసుందో ఇప్పుడన్నా చదివి చెప్పండి మాస్టారండీ. ఆ రోజు ఆయన ముక్యమన్నాడు."

"ఏమున్నది అందులో," అంటూ ఆయన కళ్ళజోడు పెట్టుకుని కాగితం తిప్పారు. పైకి చదవడం మొదలుపెట్టారు. తప్పులు దిద్ది ఉన్నాయి గనుక ఎక్కడా ఆగవలసిన పని లేకపోయింది.

"షుగరు ఉన్న మనిషి. నీళ్ళు మానవద్దు. పరీక్ష దాకా బాగా తాగవలెను."

వార్డులో ఎవరో ఇనుపమంచం ఈడ్చారు. చెంచా గ్లాసులో నిలిచిపోయింది.

"ఆ రోజు ఇది చదవలేదేం మీరు?" అన్నది చౌడేశ్వరమ్మ. గొంతు పెంచలేదు.

"చదవలేదు," అన్నారాయన. "దిద్దాను."

ఆమె లేచి వచ్చింది. చదువురాని కళ్ళతో కాగితం మీది ఎర్రగీతలను చూసింది. "ఇందులో నీళ్ళు అన్న ముక్క యాడుంది?"

ఆయన వేలు పెట్టి చూపారు. శౌరయ్య ఉత్తరం చదివినట్టుగానే. 'నీల్లు' కింద గీత ఉన్నది. పైన ముత్యంలాంటి దస్తూరితో 'నీళ్ళు' అని ఉన్నది.

"ఇది మీ రాతేగా?"

"నాదే."

"నీళ్ళని తెలవకుండానే నీళ్ళని దిద్దారాండీ?"

ఆయన కళ్ళజోడు తీసి, కాగితం మడతపెట్టారు. తలుపు దగ్గర నర్సు పిలిస్తే ఆమె వెళ్ళింది. వెళుతూ మంచం పక్కనున్న గ్లాసును, ఆయన చేతికి అందేచోటి నుంచి తీసి, తనతో పట్టుకుపోయింది.

కోటిలింగం కళ్ళు తెరిచాడు. అతను విన్నాడో లేదో తెలియదు. "మాస్టారండీ," అన్నాడు, "మీ మాట నేను జవదాటలేదండి. ఒక్క చుక్క ముట్టలేదు. మీరు కూజా లోపల పెట్టకపోయినా ముట్టేవాణ్ణి కాదు."

ఆ మాటలో ఎత్తిపొడుపు ఉంటే ఆయన భరించగలిగేవారు. లేదు.

*

సోమవారం తెల్లవారాక గాజుసీసాలో రెండువేళ్ళ మందాన మూత్రం ఉన్నది. చౌడేశ్వరమ్మ దాన్ని కిటికీ వెలుతురుకు ఎత్తి, బానలోంచి తీసిన మొదటి నూలును చూసినట్టు అటూ ఇటూ తిప్పి చూసింది. లేడీ డాక్టరు బతుకుతాడన్నది. కిడ్నీలు మాత్రం మునుపటి మాదిరి ఉండవని, ఇకమీదట రంగుబానల సెగలో నిలబడి పని చేయకూడదని కూడా అన్నది.

"మరి ఆయనకి అదొక్కటే వచ్చండి," అన్నది చౌడేశ్వరమ్మ. అప్పుడూ ఆమె వెంకటసుబ్బారావు గారి వంక చూడలేదు.

ఆయన కాగితం జేబులో పెట్టుకుని బయలుదేరారు. కాలువ వంతెన మీద రిక్షా ఆపించి కాసేపు నిలబడ్డారు. కింద కాలువ పల్చగా పారుతున్నది. ఒక కాగితాన్ని నీళ్ళలో వేయడానికి ఎంత సేపు పడుతుంది? ఆమెకు చదువు రాదు. శౌరయ్య దగ్గర రుజువు లేదు. ఇంత మాట ఇంత స్పష్టంగా తన మనసుకు తోచినందుకు ఆయన తన మనసునే పరాయివాడి మనసును చూసినట్టు అసహ్యంగా చూసుకుని, రిక్షా ఎక్కారు.

శౌరయ్య శనివారం కూర్చున్న బెంచీ మీదనే ఉన్నాడు. వెంకటసుబ్బారావు గారు కాగితం ఇచ్చారు. శౌరయ్య ముందు తన పెన్సిలు గీతలను గుర్తుపట్టాడు. తరువాత ఎర్రగీతలను వేలితో వెంబడిస్తూ, పెదవులు కదుపుతూ, కింది మాట దాకా చదివాడు. ఇద్దరూ లోపలికి వెళ్ళారు.

డాక్టరు వెంకటకృష్ణారావు కాగితాన్ని రెండు వైపులా చూసి, కుర్చీలో వెనక్కు వాలి ఊపిరి వదిలాడు.

"అయితే మా తప్పేం లేదన్నమాట! పేషంటుకి యూరిన్ వచ్చిందని ఆసుపత్రివాళ్ళు అన్నారు, ఇంకేం? కూర్చోండి సార్. ఎండన పడి వచ్చారు." అర్జీ నకలును నాలుగు ముక్కలు చేసి బుట్టలో వేశాడు. "అసలు ప్రతి కూడా మీరే చింపేయండి. చదువుకున్నవాళ్ళం, మనలో మనకేమిటి? శౌరయ్యా, సార్‌కి కాఫీ చెప్పు. నువ్వు వెళ్ళి పని చూసుకో."

క్షమాపణ చెప్పాలని వెంకటసుబ్బారావు గారు వాక్యం ఒకటి దారిపొడుగునా కూర్చుకుని వచ్చారు. వ్యాకరణం సరిగానే ఉన్నది. ఎవరికి చెప్పాలో ఆ మనిషి అప్పటికే గదిలోంచి వెళ్ళిపోయాడు.

కాఫీ ముట్టకుండా ఆయన బయటికి వచ్చారు. శౌరయ్య సీసపు ఏప్రను కట్టుకుని, బల్ల మీద అచ్చు కాగితాల దొంతర మొత్తం బోర్లించి పెట్టుకున్నాడు. ఎర్రగీతల కాగితాన్ని ఎదురుగా నిలబెట్టుకుని, దాన్ని చూసి ఒక్కొక్క కాగితం వెనకా రాస్తున్నాడు. అప్పటికి పదో పన్నెండో అయ్యాయి. అన్నిటి మీదా 'నీళ్ళు' తప్పు లేకుండా ఉన్నది.

"సార్," అన్నాడు శౌరయ్య, తల ఎత్తకుండానే. "'ళ'కి 'ళ' వొత్తేనాండీ?"

"అవును," అన్నారు వెంకటసుబ్బారావు గారు.

"తిరిగి రాయమన్నారు గదండీ," అని శౌరయ్య ఇంకో కాగితం తీసుకున్నాడు.